ఊర్మిళ అలగలేదు

కాప్రాలో నాంచారమ్మ గారింటి కింది వాటాలో ఊర్మిళ అద్దెకు దిగి ఎనిమిది నెలలైంది. అల్వాల్‌లో ఒక కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షించడం ఆమె ఉద్యోగం. తనూ, పదో తరగతి చదివే కూతురు యోగితా, అంతే సంసారం. ఆ వాటాలో తలుపు వేసుకుని కూర్చోగలిగినవి రెండే: స్నానాల గది, పూజ గది. ఊర్మిళకు దేవుడంటే నమ్మకం లేదు, కూతురికేమో పరీక్షలు ముంచుకొస్తున్నాయి. అందుకని పూజ గదిలో చాప పరిచి, చిన్న ఫ్యానొకటి పెట్టి పిల్లకు అప్పగించింది. తలుపు తీసినప్పుడల్లా దానికున్న చిరుగంటలు గణగణమనేవి. పైవాటాలో ఇంటావిడ నాంచారమ్మ ఆ చప్పుడు విని, తల్లీకూతుళ్ళు రోజుకు పదిసార్లు పూజ చేస్తున్నారని మురిసిపోయేది.

సత్యనారాయణ వ్రతం ప్రసాదం పట్టుకుని కిందికి దిగిన రోజున ఆ మురిపెం కాస్తా తీరిపోయింది. దేవుడి పటాలుండాల్సిన చోట లెక్కల పుస్తకాలున్నాయి.

“మతం మారారా అమ్మాయ్? ముందే ఒక మాట చెప్పొద్దూ?”

“లేదమ్మా” అంటూ ఊర్మిళ ప్రసాదం అందుకుని అక్కడే తినేసింది. నెయ్యి కారే రవ్వ ప్రసాదమంటే ఆమెకు ప్రాణం.

నాంచారమ్మకు పాలుపోలేదు. పక్కింటి సలోమిని అడిగింది. “ఆంటీ, మా చర్చికి రెండుసార్లు పిలిచిన, రాలే” అంది సలోమి. మర్నాడు నాంచారమ్మ మళ్ళీ కిందికొచ్చి, మరి మీది ఏ దేవుడని నిలదీసింది. ఎవ్వరూ లేరంది ఊర్మిళ.

“ఏసయ్యను నమ్ముకున్నా సర్దుకుపోయేదాన్ని. ఏ దేవుడి భయమూ లేనివాళ్ళు రేపేం చేస్తారో ఎవరికి తెలుసు? నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి.”

ట్యాంకు పొర్లిపోతుంటే రోజూ మోటారు కట్టేసేది ఊర్మిళే. ఆ సంగతి ఆవిడకు గుర్తే రాలేదు. ఊర్మిళకు ఒళ్ళు మండింది. కానీ పరీక్షలు నలభై రోజుల్లో ఉన్నాయి. ఇప్పుడు ఇల్లు మారితే పిల్ల చదువు అటకెక్కినట్టే.

మూడోరోజు పొద్దున్నే నాంచారమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ముఖంలో జాలి ఉంది.

“మీ ఆయన పోయాడని తెలుసు గానీ, పూజ చేసుకుంటూ కూలిపోయాడని సలోమి చెప్తేనే తెలిసింది. అంత భక్తుణ్ణి తీసుకుపోయాడని దేవుడి మీద అలిగావు, అంతే కదూ? ఆ ముక్క చెబితే నేనెందుకు పొమ్మంటాను?”

ఊఁ అంటే చాలు, ఇల్లు నిలుస్తుంది. కానీ ఊర్మిళ పెళ్ళికి ముందునుంచీ ఇంతే. భర్త సదాశివ శుక్రవారం పూజలో ఉంటే పక్కన కూర్చుని ఆమె టీ తాగేది. హారతి తీసుకొమ్మని అతను బలవంతపెట్టలేదు, అతని దేవుణ్ణి ఆమె ఎగతాళి చెయ్యలేదు. ఇప్పుడు ఊఁ అంటే ఆ కాపురమంతా అబద్ధమైపోతుంది. పైగా తలుపు వెనక పిల్ల వింటోంది.

“అలగాలంటే ఎవరన్న ఉండాలె గదమ్మా. మా ఆయన ఉన్నప్పుడు సుత నాకు దేవుడు లేడు. ఆయన పోతే ఏడ్చిన, గంతే. ఎవరి మీద అలగలే.”

నాంచారమ్మ కళ్ళు చెమర్చాయి. “ఎంత కడుపుమంట లేకపోతే అంత మాట వస్తుంది తల్లీ! ఉండు. నీ అలక తీరేదాకా ఇక్కడే ఉండు” అని ఆమె తల నిమిరి వెళ్ళిపోయింది.

యోగిత బయటికొచ్చింది. “ఖాళీ చెయ్యాల్నా మమ్మీ?”

“అక్కర్లేదు.”

“మరి నువ్వు నిజమే చెప్పినవ్ గదా?”

“చెప్పిన” అంది ఊర్మిళ. నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. “నేను నమ్మనంటే ఆమె నమ్మలే.”