ఒకే కాపీ, ఇద్దరం

నవల కొనేముందు ఆఖరి పేజీ చదివేయడం నా అలవాటు. కథ ఎటు పోతుందో తెలియకుండా మూడు వందల పేజీలు కూర్చోవడం నావల్ల కాదు. అసలు కూర్చోవడమే నావల్ల కాదు. ఇప్పుడు మా ఇంట్లో ఒక నవల ఫ్రిజ్ మీద, ఒకటి దిండు పక్కన, ఒకటి వంటగదిలో మిక్సీ వెనక బోర్లా పడి ఉన్నాయి. ఒక దాంట్లో హీరో ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటే నాకు చిరాకేసి ఇంకో దాంట్లోకి వెళ్ళిపోతాను.

గన్‌ఫౌండ్రీలోని మా ఆఫీసులో నా పక్క సీటు ఆమె దీనికి పూర్తిగా ఉల్టా. నాకంటే పదేళ్ళు చిన్న. నల్గొండ వైపు పల్లె, కూలి చేసుకునే ఇల్లు, ఆ ఇంట్లో మొదట బడికి పోయింది ఆమే. ఒక నవల పట్టుకుంటే అది అయ్యేదాకా ఇంకోటి ముట్టదు. వంటలో ఉప్పు చూసినట్టు ఒక్కో పేజీ ఆగి ఆగి చదువుతుంది. ఆఫీసులో అందరూ ఫోన్లలో రీల్స్ చూసుకుంటుంటే నవలల మాట ఎత్తేది మేమిద్దరమే.

ఒక ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన షాపుల ముందు పరిచిన పాత పుస్తకాల్లో ఆమెకొక నవల దొరికింది. అట్ట లేదు, పేరున్న పేజీ లేదు, మిగతాదంతా ఉంది. ఇంకో కాపీ కోసం ఆ పేవ్‌మెంటంతా తిరిగాం, కోఠీ దాకా కూడా పోయాం. దొరకలేదు. సరేనని ఒకే కాపీని వంతులేసుకుని చదవడం మొదలుపెట్టాం. ఒక రోజు ఆమె ఇంటికి, ఒక రోజు మా ఇంటికి. చదివిన చోట గుర్తుకి ఆమె పెట్టేది బస్సులో ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్, నేను పెట్టేది రైలు టికెట్. ముందున్నవాళ్ళు వెనకున్నవాళ్ళ టికెట్ దాటి నోరు విప్పకూడదు, ఇదొక్కటే ఒప్పందం. నేను ఆఖరి పేజీ అక్కడే నిలబడి చదివేశానని ఆమెకు తెలుసు.

“చదివినవ్ గదా, ఇగ నోరు మూస్కో అక్కా” అంది.

సాయంత్రం ఆఫీసయ్యాక మా చర్చ. నేను నాంపల్లిలో రైలెక్కాలి. ఆమె బస్సు ఆబిడ్స్‌లోనే దొరుకుతుంది, అయినా స్టేషన్ దాకా నాతో నడిచొస్తుంది. బండ్ల మధ్య, హారన్ల మధ్య సగం మాటలు ఎగిరిపోతుంటాయి. నేను నాలుగడుగులు ముందు, ఆమె వెనక నుంచి “జర ఆగరాదూ” అని అరుస్తూ. ఇంట్లో కూడా నాతో ఎవరూ అంతసేపు మాట్లాడరు.

ఆ నవలలో ఒక టీచరమ్మకు వేరే ఊళ్ళో పెద్ద ఉద్యోగం వస్తుంది. భర్త వద్దనడు, వెళ్ళమనీ అనడు. ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతుంది, మళ్ళీ తీస్తుంది, మళ్ళీ సర్దుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“వెళ్తే వెళ్ళొచ్చు కదా, ఈ వేషాలేంటి! ఎనభై పేజీలుగా అదే పెట్టె.”

“గట్ల కాదక్కా. పోతే ఇంట్ల ఎవరికేం కష్టమైతదో ఒక్కొక్కటే మనసుల చూసుకుంటుంది. పెట్టె సర్దుడు ఉత్తగనే.”

“ఎవరికీ ఏమీ కాదు. అన్నం వాళ్ళే వండుకుంటారు. వెళ్ళమని చెప్పు ఆవిడకి!”

ఆమె పకపకా నవ్వింది. ఆ వారమంతా ఆ టీచరమ్మను ఇద్దరం కలిసి ఊరు దాటించడానికి చూశాం. ఆమె మెల్లగా, నేను మెడపట్టి.

తరువాతి సోమవారం ఆమెకు ప్రమోషన్ వచ్చింది. పోస్టింగు ఆదిలాబాదు. ఒప్పుకుంటున్నదీ లేనిదీ వారంలో చెప్పాలి. పిల్లలు చిన్నవాళ్ళని ఇంతకుముందొకసారి ప్రమోషన్ వదిలేసుకుంది, ఇప్పుడు కూడా వద్దంటే ఇక అడిగేవాడు ఉండడు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. భర్త “నీ ఇష్టం” అన్నాడట. ఆ మాట నాకు చెప్పి, “నీ ఇష్టం అంటే ఏందక్కా?” అని అడిగింది. నేనప్పటికే ఆమె లేకుండా ఆ సాయంత్రాలు ఎలా ఉంటాయా అని ఆలోచిస్తున్నాను. ఆఫీసువాళ్ళు మిఠాయి పంచుతుంటే ఒక ముక్క తీసుకుని ఫైలు పక్కన పెట్టేశాను.

ఆ రోజు నుంచి నాకు స్థిమితం లేదు. ఫైలు తెరిస్తే అక్షరాలు కనబడవు. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా, కిటికీ నుంచి వాటర్ ఫిల్టర్ దాకా. ఆమె ఫోన్ మోగితే చెవులు అటే పెట్టేదాన్ని, సరే అని చెప్పేస్తోందేమోనని. సాయంత్రం నడకలో ఆదిలాబాదు మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. నవలే మాట్లాడుకున్నాం.

“అయినా ఆవిడ ఎందుకు వెళ్ళాలి?” అన్నాను జీపీవో దాటుతూ. “ఉన్న ఊళ్ళో ఏం తక్కువ? పిల్లలున్నారు, తెలిసినవాళ్ళున్నారు. కొత్త ఊళ్ళో పలకరించే దిక్కుండదు.”

ఆమె నడక ఆపేసింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.

“పోయిన వారం పో పో అన్నవ్. గీ వారం ఉండమంటున్నవ్. ఏందక్కా గిది?”

“మనిషన్నాక అభిప్రాయం మారదా?”

“మారుతది” అని మళ్ళీ నడిచింది. నా ముఖం వైపు చూడలేదు. నాకు సిగ్గేసింది, అయినా మర్నాడు మళ్ళీ అదే వాదన మొదలుపెట్టాను. ఆ టీచరమ్మను ఇంట్లో ఉంచడానికి నా దగ్గరున్న కారణాలన్నీ చెప్పాను.

శుక్రవారం సాయంత్రం నాంపల్లి స్టేషన్ బయట ఇరానీ హోటల్ దగ్గర చాయ్ తీసుకుని నిలబడ్డాం. రైలుకింకా టైముంది, అయినా నేను నిమిషానికోసారి ఫోన్లో చూస్తున్నాను. ఆమె సాసర్‌లో పోసుకున్న చాయ్ తాగకుండా పట్టుకుంది.

“ఆఖరికి ఏమైతది అక్కా? ఆమె పోతదా, ఉంటదా?”

“చెప్పకూడదనుకున్నాం కదా.”

“గిప్పుడు నేనే అడుగుతున్న. చెప్పు.”

ఆవిడ ఉండిపోతుంది. ఆఖరి పేజీలో పెట్టె అటక మీదికెక్కుతుంది, అందరూ సంతోషంగా భోజనానికి కూర్చుంటారు. ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీదే చదివాను. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు, అబద్ధం కూడా కాదు. ఆమె నవలల మాట ఎంత పట్టించుకుంటుందో నాకు తెలుసు. నా చాయ్ ఒక్క గుక్కలో తాగేసి నాలుక కాల్చుకున్నాను.

“ఉండిపోతుంది” అన్నాను.

ఆమె తలూపింది.

“కానీ అది తప్పు. మూడు వందల పేజీలు ఆవిడ చేత పెట్టె సర్దించి, రాసిందెవరో గానీ చివర్లో భయపడిపోయారు. నువ్వు వెళ్ళు. నవల మాటా వినకు, ఈ వారం నేనన్నది కూడా వినకు.”

నా గొంతు అంత గట్టిగా ఎందుకు వచ్చిందో, పక్కన చాయ్ తాగుతున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆమె సాసర్ గట్టు మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నాకెర్కే. పొద్దుగాల బస్సుల ఆఖరిదాంక చదివిన.”

“మరి నన్నెందుకు అడిగావు?”

“నువ్వేమంటవో చూద్దామని. నువ్వు ఉండుమంటే ఉందామనుకున్న అక్కా.”

లోపల నా రైలు అనౌన్స్ చేస్తున్నారు. నేను కదల్లేదు. ఆ మాట ఆమె ఒక్క నిమిషం ముందు చెప్పి ఉంటే ఉండమనే అనేదాన్నని నాకు తెలుసు.