ఫారంలో వదిలేసిన ఇంటిపేరు

స్విమ్మింగ్ పూల్ క్లోరిన్ వాసన తగిలితే నాకు పులిహోర గుర్తొస్తుంది, వెంటనే కోపం వస్తుంది. నా చిన్నప్పుడు ఇంగ్లండ్‌లో మా ఊరు బ్రాక్‌నెల్‌లో వినాయక చవితి, ఈతా ఆటలూ ఉండే లెజర్ సెంటర్ హాల్లో జరిగేది. పక్కనే పూల్, కిటికీల మీద సెప్టెంబరు వాన, ఫాయిల్ డబ్బాల్లో ఇంగువ ఘుమఘుమలాడే పులిహోర, చల్లారి గట్టిపడిన ఉండ్రాళ్ళు, పట్టుచీరల మీద చలికోట్లు తొడుక్కున్న ఆంటీలు. కొత్త పిల్ల కనిపిస్తే వాళ్ళు మొదట అడిగేది ఒకటే: "మీ ఇంటిపేరేంటమ్మా?" నేను "రవి" అనేదాన్ని. పగలబడి నవ్వేవాళ్ళు. రవి మా నాన్న పేరు. నేను పుట్టినప్పుడు, వెలగలపాటి అంటే ఇక్కడెవరికీ నోరు తిరగదని, రిజిస్ట్రార్ ఆఫీసు ఫారంలో ఇంటిపేరు దగ్గర ఆయన తన పేరే రాసి వచ్చాడు.

స్కూల్లో ఇయర్ ఫైవ్‌లో, అంటే నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా టీచర్ మిస్ హెదర్‌గిల్. ఒక చలికాలం, హీటర్ మీద మా తడి గ్లవ్స్ ఆరుతుండగా, ఆవిడ గోడకు ఇంగ్లండ్ పటం తగిలించి, ఉత్తరాన ఒక చిన్న లోయ చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టింది. ఆవిడ ఇంటిపేరు ఆ లోయలోని వాగు నుంచి వచ్చిందట. ఆ పేరున్న ఇళ్ళు దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట. తనకు అన్నదమ్ములు లేరని, తమ ఇంట్లో ఆ పేరు తనతోనే ఆగిపోతుందని చెబుతూ ఆవిడ ఆ సున్నా మీదే మళ్ళీ పెన్ను తిప్పింది. తర్వాత మేమంతా మా ఇంటిపేర్ల మీద చార్టులు రాశాం. నా చార్టులో ఒక్కటే వాక్యం: రవి మా నాన్న పేరు. పేరెంట్స్ ఈవెనింగ్‌లో దాన్ని చూపించి, మీకు వేరే ఇంటిపేరు లేదా అని ఆవిడ నాన్నను అడిగింది. "ఉంది మిస్, చాలా పొడుగు. ఇక్కడ దానితో పనిలేదు," అని నాన్న ఇంగ్లీషులో చెప్పి నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ వేసవిలో ఆరు నెలల వీసా మీద వచ్చిన నానమ్మకు ఈ సంగతి తెలిసి, గారెల పిండి చేత్తోనే నాన్న మీద విరుచుకుపడింది. "తాతలిచ్చిన పేరురా! నీకు బరువైందా?" ఆ తర్వాత నన్ను పక్కన కూచోబెట్టుకుంది. "మనోళ్ళు వెలగలపాడు నుంచి కట్టుబట్టల్తో లేచొచ్చారే. ఎందుకో చెప్తా, ఇను." టీవీలో నా ప్రోగ్రామ్ మొదలైంది. "లేటర్, నానమ్మా," అన్నాను. నేను మళ్ళీ అడగలేదు; వీసా గడువు అయ్యాక ఆవిడ ఇండియా వెళ్ళిపోయింది. మళ్ళీ రాకుండానే చనిపోయింది.

ఇరవయ్యేళ్ళు నిండాక పేరు మార్పు కాగితం మీద సంతకం పెట్టి, వెలగలపాటి తిరిగి తెచ్చుకున్నాను. ఆ కాగితం నాన్న ముందు పెట్టి, మనవాళ్ళు ఆ ఊరు ఎందుకు వదిలారని నిలదీశాను.

"మా అమ్మకే తెలుసు తల్లీ. నేనెప్పుడూ అడగలా."

తిట్టబోయి, ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. నానమ్మ చెప్తానన్నా విననిది నేనే కదా. ఇప్పుడు నా పాస్‌పోర్టులో వెలగలపాటి ఉంది. వెలగలపాడులో మావాళ్ళకేం జరిగిందో చెప్పే మనిషి మాత్రం ఎక్కడా లేదు.