మామ పాటల్లో నేను గీసిన గీతలు

పోయిన మంగళవారం పొద్దున పదీ ఇరవైకి మా మామ మునిమనవరాలు ఆళ్లగడ్డ నుంచి బస్సులో నంద్యాలకు వచ్చి, నా ఎదుట కూర్చుని, నేను పన్నెండో ఏట రాయడం మొదలుపెట్టిన నోటుపుస్తకం తెరిచి, ఒక గీత మీద వేలు పెట్టింది. ఆ అమ్మాయి సంగీతం నేర్చుకుంది. వచ్చే నెల మామ పాటలను మొదటిసారి కచేరీలో పాడబోతోంది. "అవ్వా, ఈడ ఈ గీతేంది? పక్కన ఎనిమిది అని ఏసినావే?" అంది. మామ సంగతి నుంచి మొదలుపెట్టి చెప్పాను.

మామ అంటే మా అమ్మకు అన్న. రాతిపని ఇంటివాడు. విగ్రహాలు చెక్కే మనిషి కీర్తనలు కట్టాడంటే ఆ రోజుల్లో కూడా సగం ఊరు నమ్మలేదు. పద్నాలుగో ఏట నంద్యాలలో ఒక సన్నాయి విద్వాంసుడి దగ్గర చేరితే, ఆయన సన్నాయి చేతికివ్వకుండా రెండేళ్ల నాలుగు నెలలు ఒత్తు ఊదించాడట. సన్నాయి పక్కన ఒకే స్వరాన్ని ఆపకుండా పలికించే గొట్టమది. తోటి శిష్యులు "రాగం ఎప్పుడప్పా, నీ పెండ్లికా?" అని ఎగతాళి చేసేవాళ్లట. ఆ తర్వాత మూడేళ్లు సన్నాయి నేర్చుకుని, తండ్రి పోవడంతో ఆళ్లగడ్డకు తిరిగొచ్చి ఉలి పట్టాడు.

ఆయన కీర్తనల్లో మాటలు తక్కువ. పల్లవి ఒక పాదం, చరణం మూడు పాదాలు, సుత్తి దెబ్బలకు సరిపోయే తూకంలో ఉండేవి. చరణం మధ్యలో మాత్రం మాటలు ఆగిపోయి, సన్నాయిలాగా ఊపిరి తెగకుండా సాగే ఒక వరుస వస్తుంది. రాయి చెక్కేటప్పుడు మాటలు కట్టేవాడు, రాతికి నునుపు పట్టేటప్పుడు ఆ వరుస. అప్పుడు మా అత్త సద్దన్నం తెచ్చి ఎదుట నిలబడినా పలికేవాడు కాదు. ఏ పాట వరుస దానిదే, ఎన్నిసార్లు పాడినా వెంట్రుకవాసి మారేది కాదు.

నా చేతిరాత బాగుంటుందని రాసే పని నాకిచ్చాడు. తేదీ, రాగం, తాళం, మాటలు, అన్నీ రాశాను. మాటల్లేని చోట ఒక గీత గీసి, అది ఎన్ని ఆవర్తాలు, అంటే ఎన్ని తాళం చుట్లు, సాగిందో లెక్కపెట్టి పక్కన వేశాను. ఒకరోజు మామ అది చూసి నవ్వి, "ఏందిమే, కొలతలు రాసినావు, బొమ్మ యాడుంది?" అన్నాడు. "ఆడ మాటల్లేవు గదా మామా, ఏం రాయాల?" అన్నాను. స్వరాలు రాయడం నాకు రాదు, నేర్చుకోవాలని తోచలేదు. "సరేలే, పాడేకి నువ్వుండావు గదా," అన్నాడు. విని విని ఆ వరుసలన్నీ అప్పట్లో నాకు నోటికి వచ్చు.

నేను లెక్కల టీచరునై నంద్యాలలో స్థిరపడ్డాను. ఆళ్లగడ్డ బస్సులో గంటే అయినా, వెళ్లినప్పుడల్లా మామ పాడమంటే వచ్చేసారి అనేదాన్ని. నన్నెవరూ పాడొద్దనలేదు, పుస్తకం ఉందిలే అనుకున్నాను, అంతే. మామ పోయాక అడిగేవాళ్లూ లేకపోయారు.

ఆ అమ్మాయి శుక్రవారం దాకా ఉండి, రోజూ ఫోను నా ముందు పెట్టి పాడించుకుంది. ఐదు పాటలు తడబాటు లేకుండా వచ్చాయి. ఆరోది కూడా వచ్చిందనే సంతోషంలో ఎనిమిది ఆవర్తాలూ సరిగ్గా ముగించి తలెత్తితే, ఆమె మెల్లగా, "అవ్వా, ఇది మూడో పాటలోది గదా?" అంది. నిజమే. లెక్క సరిపోయింది గాని వరుస వేరే పాటది. ఏడో పాటకూ అదే వచ్చింది, ఎనిమిదో పాటకూ అదే. పుస్తకం చివరి పేజీ దాకా ప్రయత్నించాం. "పోనీలేవ్వా, ఐదుండాయి గదా," అంటూ నా చెయ్యి పట్టుకుంది.

మా కాలంలో పాట నేర్చుకోవాలంటే పాడే మనిషి ఎదుట కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోను అంతా పట్టుకుంటుంది, నా దగ్గుతో సహా. అది ఆలస్యంగా వచ్చిందని దాన్ని అనడం న్యాయం కాదు, ఆలస్యం చేసింది నేను.

మామ కట్టిన పాటలు ముప్పై ఒకటి. మాటలు అన్నిటికీ ఉన్నాయి. వరుసలు మిగిలినవి ఐదు. పోయినవి ఇరవై ఆరు, మొత్తం రెండు వందల పన్నెండు ఆవర్తాలు.