ఏడో ప్రశ్నకు ఒక మార్కు

డబ్బు ఇచ్చేవాళ్లు అడగబోయే కాగితాలు వాళ్లు నోరు విప్పకముందే సిద్ధంగా ఉండాలని డాక్టర్ మల్లికార్జునరావు సిద్ధాంతం. కోస్తా నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో చిన్న క్లినిక్ పెట్టుకున్న మనిషి ఆయన. మతిమరుపు వచ్చిన ముసలివాళ్లను పగటిపూట చూసుకునే కేంద్రం ఒకటి పెట్టాలని ఆయన పట్టుదల. ముసలితనం మీద పరిశోధనకు ఢిల్లీలో ఒక సంస్థ 2013లో దరఖాస్తులు పిలుస్తుందని ఎవరో చెప్పారు. అప్పటికి రెండు వందల మంది వివరాలు చేతిలో ఉండాలని 2011లోనే మొదలుపెట్టాడు.

ఆ వివరాలు తెచ్చేది ఈరమ్మ. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ఇన్నాళ్లూ ఇంటింటికీ పోలియో చుక్కలు మోసిన మనిషి. ఇప్పుడు ముప్పై ప్రశ్నల కాగితం పట్టుకుని తిరుగుతోంది. ఇరవై నాలుగు మార్కులొస్తే మతి ఉన్నట్టు, తగ్గితే పోయినట్టు. భర్త గోపయ్యకు మాత్రం ఆ పరీక్ష నెలరోజులుగా వాయిదా వేస్తోంది. కండక్టరుగా రిటైరైన ఆయన, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోతున్నాడు. కేంద్రం వస్తే ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి నిశ్చింతగా పనికి పోవచ్చని ఆమె ఆశ. పరీక్ష పెడితే నిజం తెలిసిపోతుందని భయం.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఈ రోజు ఏ వారమని అడిగితే సగం మంది "బంద్" అన్నారు. దాన్ని ఎలాగో సర్దుకున్నారు. అసలు చిక్కు ఏడో ప్రశ్నతో వచ్చింది: మనది ఏ రాష్ట్రం? దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కోస్తావాళ్లంతా ఆంధ్రప్రదేశ్ అని చెప్పి మార్కు పట్టుకుపోయారు. నల్లగొండవాళ్లంతా తెలంగాణ అన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల ముత్తమ్మ అయితే, "రాస్కో బిడ్డా, మంచిగ కనవడేటట్టు రాస్కో" అని దగ్గరుండి రాయించింది. సున్నా. అంచుమీద ఉన్నవాళ్లు చాలామంది ఆ ఒక్క మార్కుతో మతి లేనివాళ్లయ్యారు.

"ఏంటమ్మా ఇది, మీవాళ్లలో ఇంతమందికి మతిమరుపా?" అన్నాడు డాక్టరు.

"మతి మంచిగనే ఉన్నది సార్. మీ కాగితమే ఎన్కవడ్డది."

"రేపు రాష్ట్రం వచ్చేస్తే మావాళ్లంతా పేషెంట్లు అయిపోతారు కదమ్మా!"

ముందుచూపు గల మనిషి కనుక రెండు జవాబులకూ రెండు గడులు గీయించాడు. మార్కు మాత్రం ఆంధ్రప్రదేశ్‌కే. రూలంటే రూలే.

చివరికి రెండు వందలకు ఒక్కరు తగ్గారు. ఇక తప్పక ఈరమ్మ ఆదివారం పొద్దున గోపయ్యను కూర్చోబెట్టింది. మొన్నటి ఎండాకాలం దాకా దీక్షా శిబిరం వదలని మనిషి ఆయన. ఊరేగింపులో మోకాలి మీద లాఠీ దెబ్బ తిన్నాడు. ఇంట్లో ఎవరైనా ఆంధ్రప్రదేశ్ అంటే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

"మనది ఏ రాష్ట్రమయ్యా?"

గోపయ్య బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు. "ఆంధ్రప్రదేశ్. కరెక్టేనా?"

"కరెక్టే," అంది ఈరమ్మ. ఏడుపు ఆపుకుని మార్కు వేసింది. దానితో కలిపి సరిగ్గా ఇరవై నాలుగు.

మర్నాడు డాక్టరు ఆ కాగితం చూసి సంతోషించాడు. "మీ ఆయనకేం లేదమ్మా, పాసయ్యాడు."

ఈరమ్మ ఆ కాగితంలో ఏడో ప్రశ్న జవాబు మీద వేలు పెట్టింది.

"సార్, గా ఢిల్లీవాళ్లు జర ముందుగాల పిలువరా?"