సగటున పదకొండు ముప్పావు చేపలు

మా ఇంటికి అక్వేరియం కావాలని మేమెవరమూ కోరుకోలేదు. మా ఆయన పనిచేసే బ్యాంకులో ఒకాయనకు వైజాగ్ బదిలీ అయింది. సామాను ఎక్కించడానికి సాయం వెళ్లిన మా ఆయన, సాయంత్రం ఒళ్లో రెండడుగుల గాజు తొట్టి పెట్టుకుని ఆటో దిగాడు. ఊరికే ఇచ్చారట. దాంతోపాటు పైన పెట్టే లైటు, నీళ్లలోకి గాలి ఊదే చిన్న మోటారు, ఒక సంచీడు గులకరాళ్లు కూడా వచ్చాయి. చేపలు మాత్రం మేం కొనుక్కోవాలి.

అక్కడే వచ్చింది చిక్కు. ఎన్ని కొనాలి?

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మాది నల్లగొండ దగ్గర పల్లె, మా ఆయనది భీమవరం పక్క. చైతన్యపురిలోని మా ఫ్లాట్‌లో అందుకే రెండు రకాల తెలుగు వినిపిస్తుంది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, ఎవరితో పని ఉంటే వాళ్ల తెలుగు మాట్లాడుతుంది.

చేపల సంగతి తనకు వదిలెయ్యమన్నాడు మా ఆయన. చెరువుల మధ్య పుట్టినవాడికి ఇదొక లెక్కా అన్నాడు. నిజానికి మా మామగారు పోస్టుమాస్టరు. చెరువులతో మా ఆయనకున్న సంబంధమంతా గట్ల మీద సైకిలు తొక్కుతూ బడికి వెళ్లడమే. ఆయన ఊళ్లో చేపలు పెంచే చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేసి, ఎకరానికి ఎన్ని పిల్లలు వదులుతారో కనుక్కున్నాడు. ఎకరాన్ని చదరపు అడుగుల్లోకి మార్చి, అందులోంచి మా తొట్టి వాటా తీశాడు. అరగంట కుస్తీ పట్టినా ఒక్క పూర్తి చేప రాలేదు. మహా అయితే తోక వచ్చి ఉంటుంది. కాసేపు పెన్ను కొరికి, చెరువుల్లో గాలి మోటారు ఉండదని, ఇంత శ్రద్ధగా చూసేవాళ్లూ ఉండరని, అవన్నీ కలుపుకుంటే పదకొండు పెట్టొచ్చని తేల్చాడు.

పై అంతస్తులో మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు ఉంటారు. సూర్యాపేట వైపు నుంచి వచ్చినవారు, బస్ డిపోలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తొట్టి వచ్చిందని తెలిసి మర్నాడు పొద్దున్నే దిగివచ్చారు.

"తొమ్మిది పెట్టాలె టీచరమ్మా. ఎనిమిది ఎర్రయి, ఒకటి నల్లది. ఇంటి మీద పడే దిష్టిని నల్లది గుంజుకుంటది" అన్నారు.

వాళ్ల బంధువు ఒకాయన అలా పెట్టాకే కొడుక్కి ఉద్యోగం వచ్చిందట. చేపలు లేని ఇళ్లల్లో ఎంతమంది కొడుకులకు ఉద్యోగాలు వచ్చాయో ఆయన విచారించినట్టు లేదు.

మా అమ్మాయి రెండు రోజులు ఫోన్‌లో ఏవేవో చదివింది. నా కుట్టుమిషన్ టేపుతో తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి నీళ్లు ఎన్ని లీటర్లో కట్టింది.

"రెండే పెట్టాలమ్మా. గోల్డ్‌ఫిష్ అయితే ఆ రెండూ ఎక్కువే" అంది.

నాకు నవ్వొచ్చింది. హాల్లో అంత తొట్టి పెట్టుకుని రెండు చేపలా? వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? ఇదే మాట పైకి కూడా అన్నాను. వచ్చినవాళ్లు ఆ తొట్టిలో ఉండరు కదమ్మా అని తను గొణుక్కోవడం వినిపించింది. విననట్టే ఉన్నాను.

ఆదివారం ముగ్గురం ఎల్బీ నగర్‌లో చేపల దుకాణానికి వెళ్లాం. యజమాని తొట్టి కొలత అడగను కూడా అడగకుండా ఇరవై అయిదు అన్నాడు, నిండుగా కనిపిస్తుందని. అవి పెద్దవైతే ఎలా అని మా అమ్మాయి అడిగింది.

"తొట్టి ఎంతుంటే గంతనే పెరుగుతయ్ బిడ్డా. వాటికి తెలుస్తది" అన్నాడతను. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టని కిరాయిదారుల గురించి చెప్పినట్టు చెప్పాడు.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. పదకొండు, తొమ్మిది, రెండు, ఇరవై అయిదు. మొత్తం నలభై ఏడు. నాలుగుతో భాగిస్తే పదకొండు ముప్పావు. ముప్పావు చేపను ఎవరూ అమ్మరు కాబట్టి పన్నెండు. అక్కడికక్కడే అందరి మాటా నిలబెట్టానని ఎంత పొంగిపోయానో. సగటు తీసే ముందు ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడమని క్లాసులో ఏటా చెప్పేదాన్ని నేనే. పన్నెండు కొన్నందుకు యజమాని ఒకటి ఊరికే ఇచ్చాడు. మా ఆయనకు ఇలాంటి నమ్మకాలేవీ లేవు గానీ, పదమూడెందుకులే అని ఇంకొకటి కొన్నాడు. నీళ్లు, గాలి నింపిన కవర్లో పద్నాలుగు చేపలను ఒళ్లో పెట్టుకుని, మా అమ్మాయి స్కూటర్ మీద మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. మెట్రో స్తంభాల కింద ప్రతి సిగ్నల్ దగ్గరా పక్క బండ్లవాళ్లు కవర్లోకి తొంగిచూస్తుంటే నాకు గర్వంగానే ఉండింది.

మొదటి వారం ఇంటికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. రెండో వారం నీళ్లు గంజిలా తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తుండేవి. మనల్ని గుర్తుపట్టి పలకరిస్తున్నాయని మా ఆయన మురిసిపోయాడు. ఊపిరాడక అలా చేస్తున్నాయని మా అమ్మాయి చెప్పింది. దుకాణంలో అడిగితే నీలం రంగు మందు సీసా ఇచ్చారు. దాంతో నీళ్లు నీలంగా మారాయి, చేపలు పైనే ఉన్నాయి.

ముందు పోయింది అధ్యక్షులవారి మాట మీద తెచ్చిన ఒక్క నల్లది. ఇంటికి రావలసిన గండం అది మోసుకుపోయిందని, అయితే సంఖ్య తగ్గకూడదని అధ్యక్షులవారు చెప్పారు. మా ఆయన వెళ్లి ఇంకో నల్లది తెచ్చాడు. నెలన్నరలో ఐదు గండాలు తప్పాయి, ఐదు కొత్త చేపలు వచ్చాయి. మా అమ్మాయి మాతో వాదించడం మానేసి, రోజూ సాయంత్రం రెండు బకెట్ల నీళ్లు తీసి రెండు బకెట్లు పోస్తుండేది. ఆ తర్వాతే హోంవర్కు.

ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కరెంటు పోయింది. మోటారు ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను లేదు. గంటలోపే చేపలన్నీ పైకి తేలాయి. మా అమ్మాయి స్టీలు మగ్గుతో నీళ్లు ముంచి, ఎత్తు నుంచి తిరిగి తొట్టిలోకే పోయడం మొదలుపెట్టింది. అలా పోస్తే గాలి కలుస్తుందట. దాని చెయ్యి లాగేశాక నేను పోశాను, తర్వాత మా ఆయన. కరెంటు ఎప్పుడొస్తుందో కిందికి వెళ్లి కనుక్కున్న అధ్యక్షులవారు లిఫ్టు లేక మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చి సంగతి చూశారు. మా ఆయన చేతిలోంచి మగ్గు అందుకున్నారు. చాలాసేపు పోశారు. బనియను చెమటకు తడిసి ముద్దయింది.

"ఎన్ని ఉంటే ఈ గోస ఉండకపోతుండె బిడ్డా?" అని అడిగారు చివరికి.

"రెండు, తాతా."

"మరి ముందుగాలనే ఎందుకు చెప్పలే?"

"చెప్పిన. ఎవరూ ఇనలే."

నేను మా అమ్మాయి ముఖం చూడలేకపోయాను. తను కోపంగా కూడా లేదు, తొట్టిలోకే చూస్తోంది.

నాలుగింటికి కరెంటు వచ్చింది. అప్పటికి మూడు పోయాయి. వాటి స్థానంలో కొత్తవి తెద్దామని ఈసారి ఎవరూ అనలేదు. రెండు ఉంచుకుని తొమ్మిదింటిని దుకాణంలో తిరిగి ఇచ్చేద్దామనుకున్నాం. కానీ అక్కడి తొట్లు ఇంకా కిక్కిరిసి ఉంటాయని మా అమ్మాయి ఒప్పుకోలేదు. అధ్యక్షులవారే దారి చెప్పారు. బాటసింగారం దాటాక వాళ్ల తమ్ముడి తోట ఉంది, అందులో బోరు నీళ్లు నింపే పెద్ద సిమెంటు హౌజు ఉంది. మర్నాడు పొద్దున్నే ఆయన కారులో బయల్దేరాం. చేపల బకెట్టు మా అమ్మాయి కాళ్ల మధ్య ఉంది. దారిలో పళ్ల మార్కెట్ దగ్గర మామిడికాయల లారీలు వరసగట్టి నిలబడితే, ఆయన హారన్ కొట్టకుండా ఓపిగ్గా ఆగారు. నీళ్లు కదిలితే చేపలు బెదురుతాయట.

హౌజులో వదలగానే తొమ్మిదీ ఒక్క ఊపున అవతలి గోడ దాకా వెళ్లిపోయాయి. ఒక్కటీ పైకి రాలేదు. అవి అంత వేగంగా ఈదగలవని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు మా హాల్లో రెండే చేపలు. బోసిగా ఉందేమిటని ఎవరైనా అంటే, మా ఆయన కాఫీ చల్లారేదాకా లీటర్ల లెక్క వివరిస్తాడు, అంతా తనే కనిపెట్టినట్టు. పోయిన నెల సంఘం మీటింగ్‌లో అధ్యక్షులవారు ఒక తీర్మానం పెట్టారు: ఏ ఫ్లాట్‌లోనూ రెండు చేపలకు మించి పెంచరాదు. మా అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికీ చేపలు లేవు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. తొట్టి సైజును బట్టి సంఖ్య మారాలి కదా అని నా పక్కన కూర్చున్న మా అమ్మాయి లేచి అడిగింది. దాన్ని పరిశీలించడానికి ముగ్గురితో సబ్‌కమిటీ వేశారు. లెక్కల టీచర్‌ని కాబట్టి అందులో నన్ను వేశారు. మా అమ్మాయిని వెయ్యలేదు.