ముట్టడి బొమ్మలో నేను చెరిపిన ముఖాలు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పెద్దది కూడా కాదు, రెండే మాటలు. ఎవరికైనా చెప్పి దించుకుందామని చూసిన ప్రతిసారీ ఎదుటివాళ్ళు నన్ను ఓదార్చడం మొదలుపెడతారు. మా ఆయనతో చెప్తే, కాపీ బొమ్మే కదా, వదిలెయ్ అన్నాడు. మా పాస్టరుగారు మొత్తం వినకుండానే ప్రార్థన చేద్దామన్నారు. విసుగొచ్చింది. నేను మీకు తెలియను, మీరు నాకు తెలియరు. కనీసం మీరైనా చివరిదాకా వినండి. ఓదార్చకండి.

నేను బొమ్మలు వేస్తాను. సొంత బొమ్మలు కావు. బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ యూనిట్ పై అంతస్తులో మా స్టూడియో. పాత యుద్ధాల బొమ్మలకు ఆయిల్ రంగుల్లో, చేత్తో కాపీలు వేయడం మా పని. ఇంగ్లీషువాళ్ళు మన కోటలు పట్టుకున్నప్పుడు వాళ్ళ చిత్రకారులు వేసుకున్నవి: పొగ, నిచ్చెనలు, ఎర్ర కోట్లు, జెండా. హోటళ్ళవాళ్ళు, రిసార్టులవాళ్ళు కొంటారు. ఎందుకు కొంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మనం ఓడిపోయిన బొమ్మ కింద కూర్చుని బిర్యానీ తింటారు.

నా పక్కన ఒక పెద్దాయన పనిచేసేవారు. అంకుల్ అని పిలిచేదాన్ని. తాతల నాడే చిత్తూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ కుటుంబం. చెయ్యి గొప్పది. మనిషి మాత్రం, నిజం చెప్పాలి కదా, నన్ను చంపుకుతినేవారు. నా టీ గ్లాసులో బ్రష్ ముంచేవారు. పాట మొదలుపెడితే ఒకటే చరణం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఏ పనీ చెప్పినట్టు చేయరు. ఎందుకిలా చేశారని అడిగామా, గంటసేపు వాదన.

ఒక ఏడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక కొత్త కంపెనీ శ్రీరంగపట్నం ముట్టడి బొమ్మ అడిగింది. గోడంత కాన్వాసు. వాళ్ళ మీటింగ్ గదికి వార్ రూమ్ అని పేరట, అందుకని యుద్ధం కావాలట. సేమ్ టు సేమ్ ఉండాలని ఆ కంపెనీ మేనేజరు రోజూ ఫోన్ చేసి ప్రాణం తీసేవాడు. కుడివైపు ఇంగ్లీషు సైన్యం నా వంతు. ఎడమవైపు కింద, కోటగోడ పక్కన పడిపోయిన సుల్తాను సైనికులు అంకుల్ వంతు. అసలు బొమ్మలో వాళ్ళకు ముఖాలు లేవు. ఇంగ్లీషువాళ్ళకు కనుబొమ్మల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. మనవాళ్ళు మట్టిరంగు మరకలు.

అంకుల్ ఆ మరకలకు ముఖాలు వేశారు.

ఎవరికీ చెప్పలేదు. శనివారం ఆయన వెళ్ళిపోయాక చూశాను. ఒకడి నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఇంకొకడు కన్ను మూయలేదు. బాగున్నాయా? బాగున్నాయి. వాటి ముందు నా వైపు బొమ్మంతా వెలవెలబోయింది. ఒళ్ళు మండింది. ఎందుకు మండింది? ఆయన చెప్పినట్టు చేయనందుకా, అంత బాగా వేసినందుకా? గడువు, మేనేజరు అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సాకులు నాకే వినబుద్ధి కావడం లేదు.

ఆదివారం ఆయన చర్చికి వెళ్ళారు. నేను ఆరాధన మానేసి స్టూడియోకి వెళ్ళాను. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. గుడ్డను టర్పెంటైన్‌లో తడిపి ఒక్కొక్క ముఖమే తుడిచేశాను. పైన త్వరగా ఆరే మట్టిరంగు పలచగా పూశాను. పనిగా చూస్తే బాగా చేశాను. ఎక్కడా తేడా తెలియదు.

సోమవారం బొమ్మకు ప్లాస్టిక్ కాగితం చుడుతుంటే అంకుల్ వచ్చారు. కింద వ్యాన్‌వాడు ఆగకుండా హారన్ కొడుతున్నాడు. ఆయన వంగి, ఎడమవైపు మూలనే చూస్తూ ఉండిపోయారు.

"ఈడ ముఖాలు వేసిండాను కదప్పా నేను?"

టేపు కత్తిరిస్తూ, "లేదంకుల్" అన్నాను.

"గోడ పక్కన పడిండే వానికి మా తమ్ముని ముఖం పెట్టినట్టు జ్ఞాపకం. పోయినాడే, వానిది."

"వేద్దామని అనుకుని ఉంటారు. మీరు వేయలేదు."

"వేయలేదా?"

"వేయలేదు."

వాదిస్తారనుకున్నాను. వాదించలేదు. సరేప్పా అన్నారు. కాసేపు తన వేళ్ళ వైపు చూసుకుని, టేపు రెండో కొస పట్టుకున్నారు. ఆ బొమ్మను కట్టడానికి నాకు సాయం చేశారు.

అప్పుడే చెప్పాల్సింది. వ్యాన్ వెళ్ళాకైనా చెప్పొచ్చు. మర్నాడైనా చెప్పొచ్చు. చెబితే ఎందుకు చెరిపావని అడుగుతారు, దానికి జవాబు వెతుక్కునేలోపు ఆయన తనను తాను అనుమానించుకోవడం మొదలుపెట్టారు. కొలతలు తప్పకుండా కాపీ చేయడానికి కాన్వాసు మీద గళ్ళు గీసి, సరిగ్గా గీశానా అని నన్ను అడిగేవారు. మాత్ర వేసుకున్నానా అని ఇంటికి ఫోన్ చేసి కూతుర్ని అడిగేవారు. పాట మానేశారు. నేను కోరుకున్న నిశ్శబ్దమే. దాన్ని భరించలేకపోయాను. కొన్నాళ్ళకు, తన తల మీద తనకే నమ్మకం లేదని చెప్పి పని మానుకున్నారు. తర్వాత నిజంగానే మనుషుల పేర్లు మరిచిపోయారని విన్నాను. కొన్నేళ్ళకు పోయారు. సమాధి దగ్గర నేనూ పిడికెడు మట్టి వేశాను. అక్కడా నోరు విప్పలేదు.

పోయిన నెల ఆయన కూతురు ఫోన్ చేసింది. ఈ మధ్య తానూ చిన్న చిన్నవి మరిచిపోతోందట. తండ్రి జబ్బు తనకు వస్తుందేమోనని భయంగా ఉందట. ఆయనకు మొదటి లక్షణం ఎప్పుడు కనబడిందని డాక్టరు అడిగారట. తనకు తెలిసినంతలో ఆ ముఖాల సంగతేనంది. వేయని బొమ్మను వేశాననుకున్నానని ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చారట. మీరు పక్కనే ఉన్నారు కదా, సరిగ్గా ఏం జరిగిందో చెప్పండి అంది.

చెప్పాను. గుడ్డ సంగతి, తమ్ముడి సంగతి, అన్నీ.

 అయితే మా నాయనకు అప్పటికి ఏ జబ్బూ లేదా అని అడిగింది. లేదన్నాను. మరి తర్వాత వచ్చిన మతిమరుపు? అది జబ్బో, నా మాటో నాకు తెలియదన్నాను. నిజంగా తెలియదు. ఫోన్ పెట్టేసింది. నేను చేస్తే ఎత్తడం లేదు. ఎందుకెత్తాలి?

నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది. అదీ నా సుఖం కోసమే కదా. ఒక్కటి మాత్రం మారింది. ఇన్నేళ్ళూ ఆ సోమవారం గుర్తొచ్చినప్పుడల్లా, ఏమో, నిజంగానే ఆయన వేయలేదేమో అని నన్ను నేనే నమ్మించుకోవాలని చూసేదాన్ని. ఇక ఆ అవసరం లేదు. ఆయన వేశారు. చెరిపింది నేను.