చూడకుండా నేర్పిన టవరు

మా కడప కాలేజీ కెమిస్ట్రీ సారు చనిపోయారని మొన్న సోమవారం క్లాస్‌మేటు ఫోన్ చేసి చెప్పాడు. పాఠకులు మన్నించాలి, నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సారును మా రిఫైనరీ లోపలికి తీసుకుపోయే అనుమతి అంతకు రెండు రోజుల ముందే చేతికొచ్చింది. ఎనిమిది నెలలు తిరిగి సాధించిన కాగితం. ఆయన ఇంకొక్క వారం ఆగలేకపోయారు.

ముడిచమురును పెట్రోలు, కిరోసిన్, డీజిల్‌గా ఎలా విడదీస్తారో ముప్ఫై ఏళ్లు చెప్పిన మనిషి, ఆ పని జరిగే టవరును ఒక్కసారీ చూడలేదు. బోర్డు మీద బొమ్మతో తృప్తి లేక, ఏటా క్లాసునంతా ఊరి బయటి కొండ మెట్ల దగ్గరికి నడిపించేవారు. ఎండలో పరుగున ఎక్కాలి.

"మీరంతా కొలిమిలో కాగిన ముడిచమురు. పైకి పోయేకొద్దీ టవరు చల్లగుంటాది. ఎవరి ఆవిరి యాడ చల్లారితే ఆడ్నే కూచోండి."

పైదాకా పోయినవాళ్లు పెట్రోలు, నడుమ కూలబడినవాళ్లు కిరోసిన్, ఇంకా కింద డీజిల్. నేను ఆరో మెట్టు మీదే కూర్చున్నాను. ఆవిరి కాకుండా అడుగున మిగిలేది తారు. ఆ బిరుదు నాకు డిగ్రీ పట్టా కంటే ముందే ప్రదానమైంది. లావుగా ఉన్నందుకా సార్ అని అడిగాను.

"బరువొకటే కాదప్పా. నువ్వు మరగాలంటే శానా వేడి కావాల."

ఇంటర్వ్యూలో టవరు గురించి అడిగితే ఆ మెట్లే చెప్పాను. తారుకు చెన్నై దగ్గర రిఫైనరీలో అప్రెంటిస్ ఉద్యోగం దొరికింది. ఉద్యోగుల ఇంటివాళ్లను లోపలికి రానిచ్చే ఫ్యామిలీ డేకి సారును పిలుద్దామంటే, ఫారంలో 'సంబంధం' అన్న గడిలో గురువు చెల్లదన్నారు. పెదనాన్న అని రాస్తానని ఫోన్‌లో చెప్పాను.

"లేని చుట్టరికం చెప్పి రానప్పా. రేపు క్లాసులో ఎట్ల చూసినానని చెప్పేది?"

రిటైరై నాలుగేళ్లాయె, ఇంకా క్లాసు యాడిది సార్ అన్నాను. ఫోన్ పెట్టేశారు. పళ్లు కొరుక్కుంటూ, ఉన్నది ఉన్నట్టు గురువనే రాసి, ఆఫీసు ఆఫీసుకూ అర్జీ మోశాను.

ఈలోగా కంటి పరీక్షకని ఆయన చెన్నై వచ్చారు. ఆటోలో రిఫైనరీ బయటి రోడ్డుకు తీసుకుపోయాను. అక్కడి నుంచి కాంపౌండు గోడ మీదుగా టవరు కొస మాత్రమే కనిపిస్తుంది. సారు దిగి, చెప్పులు విడిచి, రోడ్డు పక్క రాయి ఎక్కారు.

"పెట్రోలు పోయే కాడ కనపడతాండాది. మిగతాదంతా గోడ మింగింది."

వెనక ఆటో హారన్ కొడుతూనే ఉంది. సారు మునివేళ్ల మీద లేచి, ఒక చెయ్యి నా తల మీద ఆనించి, ఇంకో చెయ్యి ఎండకు అడ్డం పెట్టుకుని, మరొక్క అంగుళం కోసం మెడ సాచుతూనే ఉన్నారు.